వీధికి బాకీపడిన కుంచె

బొమ్మ అంటే కంటికి ఇంపుగా ఉండాలి. అందులోనూ ఆయిల్ పెయింటింగ్ అంటే మరింత హుందాగా ఉండాలి. దేవుడో దేవతో, గోదావరి మీద తెరచాప పడవో, నుదుట కాసంత బొట్టు పెట్టుకున్న పల్లెపడుచో ఉండాలి. పంచరు కొట్టు, సిటీ బస్సు, నీలం టార్పాలిన్ కింద కూరగాయల గంపలు రోజూ కళ్ళపడేవే. వాటిని మళ్ళీ గోడకు తగిలించుకోవడం దేనికి? అంతగా కావాలంటే జేబులో ఫోనుంది, ఒక ఫొటో తీసుకుంటే సరిపోతుంది.

ఈ మాటలు నేను ఊహించి రాస్తున్నవి కావు. ముప్పయ్యేళ్ళుగా హైదరాబాదు వీధుల్ని నూనె రంగుల్లో గీస్తున్నాను. చుట్టాలు అన్నారు, చదువుకున్న మిత్రులు అన్నారు. ఒక ప్రదర్శనశాలవారు నా కాన్వాసులు ఒక్కొక్కటే తిప్పి చూసి, "ఇళ్ళల్లో పెట్టుకునేవి ఏమైనా ఉంటే తీసుకురండి" అని పంపేశారు. అన్నవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. కళంటే గౌరవం లేనివాళ్ళూ కారు. అందుకే ఈ అభిప్రాయాన్ని తేలిగ్గా తీసుకోలేను. అది మన ఇళ్ళలో, బడుల్లో, ప్రదర్శనశాలల్లో స్థిరపడిపోయింది. అది తప్పని, అన్యాయమని చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ అభిప్రాయాన్ని విప్పి చూస్తే అందులో నాలుగు వాదాలు కనిపిస్తాయి. వీధిలో అందం లేదన్నది మొదటిది. వీధిని పట్టుకోవడానికి కెమెరా చాలన్నది రెండోది. తెలుగుదనం పల్లెలోనే ఉందన్నది మూడోది. వీధి మనుషుల్ని గీయడమంటే వాళ్ళ పేదరికాన్ని అమ్ముకోవడమేనన్నది నాలుగోది. మొదటి మూడూ నిలబడవు. నాలుగోదానిలో కొంత నిజం ఉంది. దాన్ని దాచకుండా మాట్లాడతాను.

అందం సంగతి ముందు చూద్దాం. తారు రోడ్డు నల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఒక్కసారి రంగు కలపడానికి కూర్చుంటే తెలుస్తుంది, అది నలుపు కాదని. ఎండలో అది లేత ఊదా. వాన కురిసి వెలిశాక ఆకాశం రంగు. రాత్రి పసుపు దీపాల కింద బాగా పండిన అరటి తొక్క రంగు. మూసిన షట్టరు మీద తుప్పు దిగిన చారలు, మిర్చి బజ్జీల మూకుడు పైన వణికే గాలి, పెయింటు పెచ్చులూడిన గోడలో ఒకదాని కింద ఒకటి కనిపించే మూడు తరాల రంగులు, ఇవన్నీ కంటికి పని పెట్టేవే. గులాబీ అందంగా ఉందని ఇదివరకే ఎవరో చెప్పి ఉంచారు. షట్టరు అందాన్ని చూసినవాడే కనిపెట్టాలి. చిత్రకారుడి పని అక్కడే మొదలవుతుంది.

అయినా ఈ గొడవ అసలు అందం గురించి కాదు. ఎవరికి ఎంత చోటు ఇవ్వాలన్నదాని గురించి. ఫ్రాన్సులో గుస్తావ్ కూర్బే 1849, 1850 ప్రాంతంలో తన సొంత ఊరు ఓర్నాన్‌లో జరిగిన ఒక అంత్యక్రియల్ని గీశాడు. కాన్వాసు ఎత్తు మూడు మీటర్ల పైమాట, వెడల్పు ఆరున్నర మీటర్ల పైచిలుకు. ఆ రోజుల్లో అంత కొలత రాజులకు, యుద్ధాలకు, పురాణగాథలకు మాత్రమే ఇచ్చేవారు. కూర్బే అందులో ఊరి మామూలు జనాన్ని నిలువెత్తున నిలబెట్టాడు. విమర్శకులు అది వికారంగా ఉందని మండిపడ్డారు. అవే ముఖాలు చేతి పుస్తకమంత కాన్వాసు మీద ఉంటే ఎవరూ కిమ్మనేవారు కారు. అనామకుల ముఖాలు రాజుల చోటులోకి వచ్చి నిలబడటమే వాళ్ళకు మింగుడుపడలేదు.

ఆ తర్వాత పాతికేళ్ళకు అదే ఫ్రాన్సులో గుస్తావ్ కైబోత్ 1875లో ఒక చిత్రం వేశాడు. పారిస్‌లోని ఒక గదిలో ముగ్గురు పనివాళ్ళు ఒళ్ళు వంచి, చొక్కాలు లేకుండా, చెక్క నేలను చిత్రిక పడుతుంటారు. కిటికీ వెలుగు వాళ్ళ వీపుల మీద, నున్నబడిన నేల మీద ఒకేలా పడుతుంది. అధికారిక ప్రదర్శన సలోన్‌కు పంపితే న్యాయనిర్ణేతలు తిప్పికొట్టారు. ఈరోజు ఆ బొమ్మ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. మరో రెండేళ్ళకు కైబోత్ వేసిన వానకు తడిసిన పారిస్ వీధి చికాగోలో ఉంది. మన ఊళ్ళనుంచి వెళ్ళినవాళ్ళు కూడా వాటి ముందు నిలబడి ఫొటోలు దిగి వస్తున్నారు. అక్కడి వీధి మ్యూజియంలో ఉంటే కళ, మన వీధి మన గోడ మీద ఉంటే అనవసరం అనడం నాకు అర్థం కాదు.

మన దగ్గర ఈ అభిప్రాయం ఎలా నాటుకుందో కూడా తెలుసుకోవాలి. నూనె రంగులు దొరలతో మన దేశానికి వచ్చాయి. సంస్థానాధీశుల, జమీందారుల నిలువెత్తు పటాలకు మొదట పనికొచ్చాయి. ఆ మాధ్యమాన్ని మనదిగా చేసినవాళ్ళలో రాజా రవివర్మ (1848-1906) పేరు ముందు చెప్పాలి. 1894లో ఆయన బొంబాయిలో పెట్టిన అచ్చుయంత్రం నుంచి లక్ష్మీ సరస్వతులు దేశం నలుమూలలా ఇళ్ళకు, కొట్లకు, పూజగదులకు వెళ్ళారు. నూనె రంగుల నునుపూ దేవతల ముఖాలూ మన కళ్ళలో ఒకటైపోయింది అప్పుడే. రవివర్మను నేను తప్పుపట్టడం లేదు. ఆయన గొప్పవాడు. కానీ ఆ దేవతలు కట్టిన చీరకట్టు ఎక్కడిదో గమనించండి. అది పురాణాల్లోది కాదు, ఆయన కాలపు స్త్రీలు కట్టుకున్నదే. ఎదురుగా కూర్చున్న మనిషి లేకుండా ఆ దేవత ముఖమూ రాలేదు. మన లేపాక్షి గుడి కప్పు మీద పదహారో శతాబ్దపు వర్ణచిత్రాలున్నాయి. వాటిలో కథ పురాణానిది. చీరల అంచులు, తలపాగలు, నగలు మాత్రం ఆనాటి విజయనగర జనానివి. నేతవాళ్ళు ఇప్పటికీ ఆ అంచుల్ని చూసి నేస్తున్నారు. దేవుణ్ణి గీయడానికి కూడా చిత్రకారుడు వీధిలోకే వచ్చాడు. వచ్చి తీసుకున్నాడే గానీ, ఆ వీధి పేరు బొమ్మ కింద రాయలేదు.

ఇక కెమెరా. ఫొటోగ్రఫీ పుట్టాక వీధిని గీయడం దండగ అంటారు. చరిత్ర సరిగ్గా దీనికి ఎదురు చెబుతోంది. దాగెర్ ఫొటో పద్ధతిని లోకానికి ప్రకటించింది 1839లో. అమెరికా చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ రంగు నింపే తగరపు ట్యూబుకు పేటెంటు పొందింది 1841లో. అంతవరకూ నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో దాచుకునేవారు. తిత్తికి చిల్లు పెడితే రంగు ఎండిపోయేది. ట్యూబు వచ్చాక రంగుపెట్టె సంచిలో వేసుకుని చిత్రకారుడు గదిలోంచి బయటికి నడిచాడు. కైబోత్, మానే, పిస్సారోల వీధులన్నీ కెమెరా పుట్టాక వేసినవే. కెమెరా వీధి చిత్రాన్ని చంపలేదు. ఫొటో పద్ధతీ రంగు ట్యూబూ రెండేళ్ళ తేడాతో ఒకే దారిన పడ్డాయి.

కెమెరా చేయలేనిదీ నూనె రంగు చేయగలిగేదీ ఏమిటో ఆ రంగు ఆరే తీరులోనే ఉంది. నీటి రంగు నీరు ఆవిరై ఆరుతుంది. అవిసె నూనె అలా ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పల్చటి పూత చేతికి అంటకుండా ఉండడానికే రోజులు పడతాయి, మందపు పూతకు వారాలు. అంబర్ లాంటి మట్టి రంగులు తొందరగా ఆరతాయి, టైటానియం తెలుపు నిదానిస్తుంది. పై పొరలో కింది పొరకన్నా నూనె ఎక్కువుండాలి, లేకపోతే కాలం గడిచేకొద్దీ పగుళ్ళిస్తుంది. వార్నిష్ కోసం ఆరు నెలలో ఏడాదో ఆగాలి. తొందరపడేవాడికి ఈ మాధ్యమం లొంగదు.

ఆ ఆగడమే నాకు వరం. ఒక పొర ఆరేలోపు అదే మూలకు మళ్ళీ మళ్ళీ వెళతాను. సోమవారం పొద్దున చూసిన నీడ, బుధవారం సాయంత్రం చూసిన రద్దీ, శుక్రవారం వాన తర్వాతి తడి ఒకే కాన్వాసులో ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఫొటో ఒక రెప్పపాటును పట్టుకుంటుంది. దాని గొప్పదనం దానిది. తైలవర్ణ చిత్రం నెల రోజుల చూపును ఒకచోట పేరుస్తుంది. ఎడ్వర్డ్ హాపర్ 1942లో వేసిన 'నైట్‌హాక్స్' చూడండి. అర్ధరాత్రి న్యూయార్క్ వీధిమూలలో వెలుగుతున్న హోటలు, లోపల నలుగురు మనుషులు. ఆయన ఒక వీధిమూలను చూసి మొదలుపెట్టి, తీసేయాల్సినవి తీసేసి, పెంచాల్సినవి పెంచి ఆ చోటును కట్టాడు. కెమెరాకు ఎదురుగా ఉన్నదే కావాలి. హాపర్‌కు తాను చూసినవాటన్నిటి సారం కావాల్సి వచ్చింది.

మూడో వాదం నన్ను ఎక్కువ బాధపెట్టేది. తెలుగుదనమంటే పల్లె, పల్లె అంటే తెలుగుదనం అంటారు. పల్లెను గీసినవాళ్ళంటే నాకు భక్తి ఉంది. కానీ 2011 జనగణన నాటికే తెలంగాణలో నూటికి దాదాపు 39 మంది పట్టణాల్లో ఉన్నారు, ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో దాదాపు 30 మంది. వీళ్ళు మాట్లాడేది తెలుగు కాదా? వీళ్ళ ఆకలి, సరసం, పేచీ, పండగ తెలుగువి కావా? విజయవాడ వన్‌టౌన్ సందుల్లో బస్తాలు మోసే మనిషి, విశాఖ పూర్ణా మార్కెట్లో చేపల బేరం చేసే మనిషి, కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పేర్చే మనిషి తెలుగువాళ్ళు కారని ఎవరనగలరు?

మన సాహిత్యం ఈ మెట్టు ఎప్పుడో ఎక్కేసింది. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడినప్పుడే వాడుకభాష రంగస్థలం మీదికి వచ్చింది. శ్రీశ్రీ కూలీలను కవిత్వంలో నిలబెట్టాడు. రావిశాస్త్రి విశాఖ సందుగొందుల్ని, కోర్టు వరండాల్ని, సారా దుకాణాల్ని కథల్లోకి తెచ్చాడు. వాళ్ళను నెత్తిన పెట్టుకున్నాం, పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటున్నాం. చదివే కన్ను ఒప్పుకున్నదాన్ని చూసే కన్ను ఎందుకు ఒప్పుకోదు? అక్షరంలో గౌరవం దొరికిన మనిషికి గోడ మీద ఎందుకు దొరకదు?

ఇక్కడ బొంబాయి సంగతి చెప్పాలి. ఆ నగరంతో మనకున్న బంధం చిన్నది కాదు. అక్కడి కామాఠీపుర పేటకు ఆ పేరు వచ్చింది తెలుగు నేల నుంచి వెళ్ళి ఆ నగరానికి రాళ్ళెత్తిన కామాఠీల వల్లనే. అక్కడి మిల్లుల్లో, భీవండి మరమగ్గాల మీద తెలంగాణ పద్మశాలీలు తరాలుగా బతుకు నేశారు. ఆ నగరాన్ని రంగుల్లో తన జీవితమంతా గీసినవాడు సుధీర్ పట్వర్ధన్. 1949లో పుణెలో పుట్టాడు. డాక్టరీ చదివి, ఠాణేలో రేడియాలజిస్టుగా పనిచేశాడు. చిత్రకళ ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, సొంతంగా సాధించాడు. పగలు ఎక్స్‌రే పలకల్లో మనుషుల ఎముకలు చూసేవాడు, మిగతా వేళల్లో ఆ మనుషుల్నే రంగుల్లో వేసేవాడు. ఇరానీ హోటలు, లోకల్ రైలు, పాదచారుల వంతెన, ప్రమాదం చుట్టూ మూగిన జనం, ఇవీ ఆయన వస్తువులు. 1981లో గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖర్, వివాన్ సుందరం, నళినీ మలానీ, జోగెన్ చౌధురిలతో కలిసి ఆయన పాల్గొన్న ప్రదర్శన పేరే 'ప్లేస్ ఫర్ పీపుల్', అంటే జనానికి చోటు. కూర్బే కాన్వాసు కొలతతో అడిగినదాన్నే వీళ్ళు పేరు పెట్టి అడిగారు.

1982 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. రెండు లక్షలకు పైగా మంది. ఆ తర్వాత చాలా మిల్లులు మళ్ళీ మునుపటిలా నడవలేదు. ఆ నేలల మీద మెల్లగా మాల్స్, అద్దాల మేడలు లేచాయి. పట్వర్ధన్ 2001లో వేసిన 'లోయర్ పరేల్' ఆ మారుతున్న పేట బొమ్మే. ఎక్కడో ఒకచోట నిలబడి చూసిన దృశ్యం కాదది. ఆయన బొమ్మల్లో నగరం ఒక్క దృష్టికోణానికి లొంగదు. చూపు కిందికీ పైకీ, పక్కకీ తిరుగుతుంది, వీధిలో నడిచే మనిషి చూపులాగే. పేట మారిపోతుంటే అక్కడ బతికినవాళ్ళు ఎలా కనిపించారో చెప్పే సాక్ష్యం అది. మన అజంజాహీ మిల్లు వరంగల్‌లో మూతపడింది. ఒకప్పుడు అందులో వేలమంది పనిచేశారు. ఆ గేటు దగ్గర షిఫ్టు మారే వేళ ఎలా ఉండేదో మన తర్వాతి తరానికి చూపించడానికి ఒక నిలువెత్తు కాన్వాసును ఊరి హాల్లో వేలాడదీశామా? పల్లె అందమనే గీతలోనే ఉండిపోయి, కళ్ళముందే కరిగిపోతున్న మన పట్టణాల్ని గీయకుండా వదిలేశాం.

భూపేన్ ఖఖర్ బరోడాలో అకౌంటెంటుగా పనిచేస్తూ 1972 ప్రాంతంలో మంగలి కొట్టును, గడియారాలు బాగుచేసే దుకాణాన్ని, దర్జీ షాపును గీశాడు. క్యాలెండర్ బొమ్మల గాఢమైన రంగుల్నే తీసుకుని ఆ చిన్న కొట్ల యజమానులకు గర్భగుడిలో మూర్తికున్న నిశ్చలత ఇచ్చాడు. చదువుకున్నవాళ్ళు చవకబారు అనుకునే రంగులవి. ఆ రంగుల్లోనే ఆ మనుషుల హుందాతనం ఉందని ఆయన చూపించాడు.

నాలుగో వాదానికి వస్తాను. వీధి మనుషుల్ని గీసి అమ్ముకోవడం పేదరికాన్ని అమ్ముకోవడమే అంటారు. నిజమే, అలాంటి బొమ్మలున్నాయి. ముసలి రిక్షావాడి ముడతలన్నీ లెక్కపెట్టి గీసి, చుట్ట పొగ తిప్పి, కన్నీటి బొట్టు ఒకటి పెట్టి, హోటలు లాబీలో తగిలించే బొమ్మలు. నేనూ మొదట్లో అలాంటివి వేశాను. ఆ తప్పు వీధిది కాదు, చూపుది. ఆ మనిషిలో చిత్రకారుడు బాధనే చూశాడు, పనితనాన్ని చూడలేదు. పేదవాణ్ణి పేదవాడిగా మాత్రమే చూసినవాడు అతన్ని సగమే చూశాడు.

ఈ తేడా నాకు నేర్పింది చిక్కడపల్లి సందులో ఒక ఇస్త్రీ బండి మనిషి. రెండు వారాలు అతని బండి ఎదుట స్కెచ్ పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. కాన్వాసు సగంలో ఉండగా తీసుకెళ్ళి చూపించాను. పక్కన ఉన్న పిల్లలు ఆయన ముఖాన్ని గుర్తుపట్టి కేకలు పెట్టారు. ఆయన మాత్రం బొమ్మలోని ముఖం వైపు చూడలేదు. చేతి వైపు చూశాడు. "సార్, పెట్టె గట్ల పట్టుకోం. బొగ్గుల వేడి పక్క తూట్లకెళ్ళి ఎగదన్నుతది. గట్ల పడితే మణికట్టు కాల్తది. జర ఎత్తి పట్టాలె" అని తన పెట్టె తీసి చూపించాడు. "మళ్ళొక్కసారి పట్టు అన్నా" అన్నాను. పట్టాడు. మణికట్టు కోణం అప్పుడే అక్కడే పెన్సిల్‌తో రాసుకుని, ఇంటికి వెళ్ళి ఆ చేతిని పూర్తిగా గీకేసి మళ్ళీ వేశాను. అంతవరకు నేను అతని అలసటను గీస్తున్నాను. ఆ రోజునుంచి అతని నేర్పును గీశాను. తాను గీసే మనుషులు ఆ బొమ్మలో తమను తాము చూసుకోగలగాలని పట్వర్ధన్ కోరుకున్నాడు. ఆ కోరిక బరువెంతో నాకు ఆ మణికట్టు దగ్గర తెలిసింది. బొమ్మలో ఉన్న మనిషే దానికి మొదటి విమర్శకుడైతే, పేదరికాన్ని అమ్ముకునే బొమ్మ పుట్టదు. కాబట్టి ఆ అభ్యంతరానికి జవాబు వీధిని వదిలేయడం కాదు, వీధికి బొమ్మను తీసుకెళ్ళి చూపించడం.

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. చిత్రకళ నేర్పే కాలేజీల్లో మొదటి ఏడాది విద్యార్థుల్ని గుండ్రటి కూజాల ముందు, ప్లాస్టర్ తలల ముందు కూర్చోబెట్టినన్ని రోజులు బస్టాండులో, మార్కెట్లో కూర్చోబెట్టండి. ప్రదర్శనలు పెట్టేవాళ్ళు వీధి చిత్రాలు పెట్టే గోడ ఒకటైనా ఉంచండి. కొనే స్తోమత ఉన్నవాళ్ళు బొమ్మ సోఫా రంగుకు నప్పుతుందా అని అడిగే ముందు, ఆ బొమ్మలోని మనిషి మీ వీధిలో ఎక్కడ ఉంటాడో ఒకసారి వెతకండి.

మన నగరాల్లో ఫ్లైఓవర్ స్తంభాల మీద ఇప్పుడు బొమ్మలు వేయిస్తున్నారు. నెమళ్ళు, కలువలు, బిందెలతో నడిచే పల్లె స్త్రీలు. మంచిదే. పొద్దున ఏడింటికి అలాంటి ఒక స్తంభం కింద కూలీల అడ్డా దగ్గర నిలబడి చూడండి. తాపీలు, పారలు, తట్టలు పట్టుకుని పని కోసం ఎదురుచూసే మనుషుల మధ్య, పొడవు కర్రకు కట్టిన సున్నపు కుంచె పట్టుకుని ఒకాయన ఉంటాడు. నగరంలో మన గోడలన్నిటికీ రంగు వేసింది అతనే. ఏ గోడ మీదా అతని బొమ్మ లేదు. నా చేతిలో ఉన్నదీ కుంచే, అతని చేతిలో ఉన్నదీ కుంచే. ఈ బాకీ తీర్చాల్సింది నేనూ, నాలాంటివాళ్ళూ. తీర్చడానికి కావలసిన రంగులు, కాన్వాసు, అవిసె నూనె మన దగ్గర ఉన్నాయి. ఆ మనిషిని నెల రోజులపాటు నిదానంగా చూడడానికి మనసొప్పాలి, అంతే.